నమ్మకమునకు ముందు పరీక్ష

క్రొత్త వస్తువును కొన్నవాడు దానిని గూర్చి తీర్పు చెప్పుటకు అర్హుడు కాడు. ఏలయన వెల చెల్లించిన క్షణముననే అతడు ఆ వస్తువు పక్షమున వకాల్తా పుచ్చుకొన్నవాడగుచున్నాడు. వెల యెంత హెచ్చైనదో వకాల్తా అంత గట్టిదగును. లోపము కంటబడినను దానిని చూడనట్లు దాటిపోవుటయు, లేని గుణమును ఉన్నట్లు భావించుటయు, నలుగురు అడిగినపుడు నోరార పొగడుటయు అందరికిని అనుభవమే. పరికరముల విషయమున మాత్రమే గాక, క్రొత్తగా చేపట్టిన వ్యాయామము, క్రొత్తగా చేరిన ఉద్యోగము, క్రొత్తగా కుదుర్చుకొన్న భాగస్వామ్యము, వీని యన్నింటియందును మన బుద్ధి ఇట్లే పక్షపాతము వహించును. ఈ పక్షపాతమును జయించి నిజమైన పరీక్ష నెట్లు చేయవలెనో తెలిసికొనుటకు, ఆత్మవంచన క్షణములో బయటపడునట్టి ఒక్క ఉదాహరణమును ఈ అధ్యాయమున తుదివరకు అనుసరింతము. అది ఒక ఔత్సాహిక చోదకుడు తన కారునకు క్రొత్త బ్రేకు ప్యాడ్లు వేయించుకొని, ట్రాక్ డే నాడు, అనగా రుసుము చెల్లించి స్వంత కారును రేసు ట్రాక్కుపై తోలు దినమున, వానిని పరీక్షించు విధము.

ఎక్కడ పరీక్షింపవలెను?

మన చోదకుడు కర్ణాటక రాష్ట్రమున, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని అరసికెరె గ్రామపు యువకుడని ఊహింతము. హాసన జిల్లాలో రైల్వే జంక్షనుగా ప్రసిద్ధి కెక్కిన అరసికెరె వేరు, ఇది వేరు. పావగడ సీమ ఆంధ్రదేశపు సరిహద్దులోనికి చొచ్చుకొనిపోయిన భూమి. పెక్కు ఇండ్లలో తెలుగు మాటలాడి, బడిలో కన్నడము చదివి, వానకై ఆకాశము చూచుచు వేరుసెనగ విత్తు ప్రజలు నివసించు మెట్టసీమ. 2018 మొదలు ఈ తాలూకాలోని తిరుమణి మున్నగు ఐదు గ్రామముల భూములలో, సుమారు 13,000 ఎకరములమీద, 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసినది. ఆ ఫలకముల నడుమ తిన్నగా సాగు రోడ్డును చూచిన యువకునకు, ఇంతదూరము రేసు ట్రాక్కునకు పోనేల, ఇక్కడనే ఒకమారు వేగముగా తోలి బ్రేకు త్రొక్కి చూచిన చాలదా యని తోచుట సహజము.

చాలదు. కోతల కాలమున రాగిని, ఉలవను రోడ్డుపై పరచి, పోవు వచ్చు బండ్ల చక్రములచేతనే నూర్పించు ఆచారము గల సీమ యది. మలుపు తిరిగినంతనే గొఱ్ఱెలమంద ఎదురగు సీమ యది. ఆ ఎండిన పైరు కట్టెమీద చక్రము జారునపుడు ఆ జారుట ప్యాడ్ల దోషమో, కట్టె దోషమో నిర్ణయించుట ఎవరి తరమును కాదు. ఇంతకంటె ముఖ్యముగా, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వకమైన అనుమతి లేక బహిరంగ స్థలమున పందెములేగాక వేగపరీక్షలు జరుపుటయు నేరము. మొదటిసారి నేరమునకే 3 నెలల వరకు కారాగారము గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పరీక్షకు ఇతరుల ప్రాణములు పణము కారాదన్నది చట్టమునకు ముందే పుట్టిన ధర్మము.

కావున పరీక్ష పరీక్షాస్థలముననే జరుగవలెను. దక్షిణదేశమున అట్టి స్థలములకు కొదువ లేదు. మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారు రెండవ ప్రపంచయుద్ధకాలపు షోలవరం విమానస్థలిలో దశాబ్దముల కొలది పందెములు నడపి, 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో స్వంతముగా 3.717 కిలోమీటర్ల ట్రాక్కును నెలకొల్పిరి. కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున కరి మోటార్ స్పీడ్‌వే గలదు. ఇరుంగాట్టుకోట్టై బెంగుళూరు–చెన్నై రాజమార్గము నంటియే యుండుటచే, పావగడనుండి బెంగుళూరు మీదుగా పోవువానికి దారి సుగమము. దారి సుగమమైనను దూరమైనదే. ఆ దూరమే మన చోదకునకు మొదటి ఉపకారమెట్లు చేయునో ఇకముందు చూతము.

వేడి లెక్క

బ్రేకు చేయు పని యేమి? కారు వేగములో నిక్షిప్తమైయున్న శక్తిని వేడిగా మార్చి గాలిలో కలుపుట. వేయి కిలోల బరువుగల చిన్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా దానియందు సుమారు 3,86,000 జౌళ్ళ శక్తి యుండును. ఒక లీటరునకు పైగా నీటిని గది వేడిమినుండి మరుగు వేడిమికి తెచ్చుటకు ఆ శక్తి చాలును. ఒక్కమారు పూర్తిగా ఆపినచో ఆ వేడి యంతయు కొన్ని సెకండ్లలో డిస్కులలోనికి దిగును. అందును అధికభాగము ముందు చక్రముల డిస్కులపైననే పడును. వేగము పెరిగినకొలది శక్తి వేగముతో సమముగా గాక దాని వర్గముతో పెరుగును గనుక, 100 నుండి 140కి పోయినవాడు తాను కొంచెమే పెంచితినని తలంచుచుండగా డిస్కు మోయవలసిన వేడి ఇంచుమించు రెట్టింపై కూర్చుండును. ఊరి రోడ్డుపై రోజుకొకసారి వచ్చు ఇట్టి భారము ట్రాక్కుపై ప్రతి ల్యాపులోను పలుమారులు వచ్చును. చల్లారుటకు వ్యవధి యుండదు.

దీనినిబట్టి తెలియవలసిన దేమనగా, ఊరిలో చక్కగా పనిచేసిన ప్యాడ్ ట్రాక్కుపై పనిచేయునని గాని, ట్రాక్కుపై మెరసినది ఊరిలో మెరయునని గాని ఊహింపరాదు. పందెముల కొరకు చేసిన ప్యాడ్లు చల్లగా నున్నపుడు పట్టు తక్కువై, కీచుమని అరచి, దుమ్ము రాల్చి, డిస్కును త్వరగా అరగదీయును. ఏ పరిస్థితికై కొనుచున్నామో ఆ పరిస్థితియందే పరీక్షింపవలెనన్నది ప్రథమ సూత్రము.

ఒక సంస్థ, రెండు సంవత్సరములు

ఈ సూత్రపు బలము చరిత్రలో ఒకచోట అద్భుతముగా వెల్లడియైనది. డిస్కు బ్రేకును ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంటు చేసినను, అర్ధశతాబ్దము గడచువరకు దానికి పందెముల కార్లలో స్థిరమైన చోటు దొరకలేదు. జాగ్వార్ సంస్థవారు డన్లప్ సంస్థ చేసిన డిస్కులను తమ సి-టైప్ కారునకు అమర్చి, 1952లో స్టిర్లింగ్ మాస్ అను చోదకునకును, నార్మన్ డ్యూయిస్ అను పరీక్షా చోదకునకును ఇచ్చి ఇటలీలోని మిల్లె మిగ్లియా పందెమునకు పంపిరి. కారు ఆ పందెమును ముగింపలేదు. అయినను బ్రేకులను గూర్చి తెలియవలసినది తెలిసినది. పిదప అదే యేట ఫ్రాన్సులోని రీమ్స్ నగరమున మాస్ ఆ బ్రేకులతోనే గెలిచెను.

ఇంతలో మిల్లె మిగ్లియాలో మెర్సిడెస్ కార్ల వేగమును చూచి కలవరపడిన సంస్థవారు, అదే సంవత్సరపు లెమాన్ 24 గంటల పందెమునకు కారు ముందుభాగపు ఆకారమును హడావుడిగా మార్చిరి. ఆ మార్పును చాలినంతగా పరీక్షించుటకు వ్యవధి లేకపోయెను. ఫలితముగా పందెమున దిగిన వారి మూడు కార్లలో రెండు ఇంజను వేడెక్కి మధ్యలోనే నిలిచిపోయెను; మూడవదియు పందెమును ముగింపలేదు. మరుసటి యేడు, 1953లో, పాత ఆకారమునకు మరలివచ్చి, పలుచోట్ల పలుమారులు పరీక్షకు నిలిచిన డిస్కు బ్రేకులతో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ అను వారు అదే లెమాన్‌లో, సగటున గంటకు నూరు మైళ్ళకు మించిన వేగముతో విజయము సాధించిరి. సంస్థ ఒక్కటే, ఇంజనీర్లు వారే, కారు పేరు అదే. పరీక్షింపని మార్పు వారిని పడవేసినది, పరీక్షించిన మార్పు వారిని నిలిపినది. ప్రతిభ తక్కువై ఓడినవారు కారు వారు. భయము తొందరచేయగా పరీక్షను దాటవేసి ఓడిరి.

మొదటి మెట్టు: అలవాటు చేయుట

ఇక మన యువకుని యొద్దకు పోదము. ఊరి మెకానిక్కు క్రొత్త ప్యాడ్లు బిగించి చేతులు తుడుచుకొనుచు, “డిస్కుతో ఇంగా సెట్టు కాలేదబ్బీ, రెండు దినాలు మెల్లగ తోలు” అనును. “ఇంత దుడ్డు పెట్టి కొన్నాను గదన్నా, ఇంగా మెల్లగనా?” అని యువకుడు వాపోవును. “దుడ్డు నువ్వు పెట్టినావని డిస్కుకేం తెలుసు?” అని ఆ పెద్దవాడు బదులు పలుకును. ఈ అధ్యాయమంతయు ఆ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానమని చెప్పినను చెల్లును.

క్రొత్త ప్యాడ్లలోని పదార్థమును బంధించి యుంచునది ఒకవిధమగు రెసిను. అది మొదటిసారి బాగుగా వేడెక్కినపుడు వాయువులను విడుచును. ఆ వాయువు ప్యాడునకును డిస్కునకును నడుమ పొరగా నిలిచినచో, త్రొక్కిన పెడల్ త్రొక్కినట్లే యుండి, కారు మాత్రము సాగిపోవును. అదియునుగాక, ప్యాడ్ పదార్థము పలుచని సమమైన పూతగా డిస్కుపై పరచుకొన్న పిమ్మటనే వాని పట్టు స్థిరపడును. కనుక ముందు వెనుక వాహనములు లేని చోట, వేగపరిమితికి లోబడి, గంటకు 60 నుండి 20 కిలోమీటర్లకు మధ్యరకపు ఒత్తిడితో తగ్గించుట, మరల పుంజుకొనుట, ఇట్లు ఎనిమిది పదిమారులు చేసి, పిదప పది నిమిషములు బ్రేకునకు ఎక్కువ పని పెట్టక తోలి చల్లార్చవలెను. తయారుచేసినవారి కాగితమున వేరు విధానము వ్రాసియున్నచో అదియే ప్రమాణము. వేడిమీదనున్నపుడు పెడల్‌ను త్రొక్కిపట్టి కదలక నిలువరాదు. నిలిచినచో ప్యాడ్ ముద్ర డిస్కుపై ఒకేచోట పడి, తరువాత ప్రతి త్రొక్కుడునను వణకు పుట్టించును. ఆ వణకును చూచి పెక్కుమంది డిస్కు వంకరపోయినదని నిందింతురు. వంకర చాల తడవలు డిస్కుది కాదు, తొందరది.

అరసికెరెనుండి ఇరుంగాట్టుకోట్టై వరకు గల దీర్ఘమార్గము ఈ అలవాటు చేయుటకు ఉపకరించుననుట ఇందుకే. మార్గమున శాంతముగా తోలినవాడు ట్రాక్కునకు చేరునప్పటికి ప్యాడ్ల స్వభావమును సగము ఎరిగియుండును. బయలుదేరుటకు ముందు మరియొక మాట: ప్యాడ్లు మార్చునపుడు పిస్టనును వెనుకకు నెట్టుదురు గనుక, బండి కదల్పక మునుపే పెడల్‌ను అది గట్టిపడువరకు పలుమారులు త్రొక్కవలెను. దీనిని మరచినవాడు మొదటి బ్రేకుననే పెడల్ నేలకు తగులుట చూచును.

రెండవ మెట్టు: ఒక్కదానినే మార్చుట

పావగడ సీమ రైతు క్రొత్తరకము వేరుసెనగ వచ్చినదని వినినంతనే చేనంతయు దానితో నింపడు. తాతలనాటి టీఎంవీ-2 రకము పండిన చేనిలోనే ఒక మూల నాలుగు సాళ్ళు క్రొత్త విత్తనము విత్తి, ఒకే వాన, ఒకే మన్ను, ఒకే సేద్యము రెంటికిని అందునట్లు చూచి, పీకిన నాడు చెట్టు చెట్టునకు కాయలు లెక్కించును. విశ్వవిద్యాలయములు నేర్పకున్నను పరీక్షాశాస్త్రపు సారము అతనికి తెలియును: మారినది ఒక్కటే యైనప్పుడే ఫలితమునకు కారణము చెప్పవచ్చును.

అయితే చోదకునకు ఆ రైతు సౌకర్యము లేదు. ఒకే ఇరుసునకు ఎడమవైపు పాత ప్యాడ్, కుడివైపు క్రొత్త ప్యాడ్ వేసి సరిపోల్చుటకు వీలులేదు. అట్లు చేసిన కారు త్రొక్కినపుడెల్ల ఒక ప్రక్కకు లాగి ప్రమాదము తెచ్చును. ఉదయము పాతవి, మధ్యాహ్నము క్రొత్తవి అని పంచుకొనుటయు శుద్ధమైన పరీక్ష కాదు. ఒక పదార్థపు పూత డిస్కుపై నుండగా వేరొక పదార్థము తన నిజస్వభావమును చూపజాలదు. కావున రైతునకు ప్రక్కసాలు చేయు పనిని చోదకునకు నోటుపుస్తకము చేయవలెను. పాత ప్యాడ్లతో తోలిన ట్రాక్ డే నాటి టైర్ల గాలి, ఎండ తీవ్రత, బ్రేకు త్రొక్కిన గుర్తు, ఎన్నవ ల్యాపున పట్టు తగ్గినది, ఈ వివరములు వ్రాసియున్నవానికే క్రొత్తవానిని గూర్చి మాటలాడు అధికారము గలదు. క్రొత్త ప్యాడ్లతోపాటు క్రొత్త టైర్లు కూడ వేయించుకొని వచ్చినవాడు సంతోషముతో ఇంటికి మరలవచ్చును గాని జ్ఞానముతో మరలజాలడు.

మూడవ మెట్టు: లక్షణములను చదువుట

ట్రాక్కుపై దిగిన పిదప మొదటి ల్యాపు వేడెక్కించుటకే. మలుపునకు ముందు దూరము తెలుపు పలకలు పెట్టియుందురు. పాత ప్యాడ్లతో ఎచ్చట త్రొక్కెడివాడో అంతకంటె ముందుగనే త్రొక్కుట మొదలిడి, కారు కోరినట్లు నిలిచినకొలది ఆ గుర్తును కొద్దికొద్దిగా మలుపువైపు జరుపవలెను. ఐదారు ల్యాపులు గట్టిగా తోలిన పిమ్మట ఒక ల్యాపు బ్రేకును దాదాపు ముట్టక తిరిగి, చల్లార్చి, పిట్టులోనికి రావలెను. వచ్చినవెంటనే హ్యాండ్‌బ్రేకు లాగరాదు. బండిని గేరులో నుంచి చక్రము క్రింద రాయి పెట్టుట మేలు. చక్రముల నట్లు మరల బిగించి చూడవలెను.

ఈ మెట్టున ముఖ్యమైనది రెండు వైఫల్యముల భేదము నెరుగుట. పెడల్ రాయివలె గట్టిగ నుండియు కారు నిలువకున్నచో దోషము ప్యాడ్లది. అవి తాళగలిగిన వేడిని మించినవి. పెడల్ మెత్తబడి లోనికి పోవుచున్నచో దోషము సామాన్యముగా బ్రేక్ ఆయిలుది. అది కాగి, ఆవిరి బుడగలు పుట్టి, త్రొక్కిన బలమును అవి మ్రింగుచున్నవి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొనును. ప్రమాణముల ప్రకారము డాట్ 4 ఆయిల్ క్రొత్తదై యున్నపుడు కనీసము 230 డిగ్రీల సెల్సియస్ వరకు కాగరాదు; తేమ పట్టిన పిదప ఆ హద్దు 155కు దిగును. డాట్ 3కు ఆ హద్దులు 205, 140 మాత్రమే. కావున పాత ఆయిలుతో క్రొత్త ప్యాడ్లను పరీక్షించి, పెడల్ మెత్తబడగానే “ఈ ప్యాడ్లు పనికిరావు” అని తీర్పు చెప్పువాడు నిర్దోషిని శిక్షించినవాడగును. ఏ లక్షణము కనబడినను చేయవలసినది ఒక్కటే: వేగము తగ్గించి, పిట్టులోనికి వచ్చి, చల్లారనిచ్చి, కారణము వెదకుట. ఇంకొక ల్యాపు చూతమను కోరికకు ఆ క్షణమున లోబడరాదు.

జీవితమున ఈ భేదము నెరుగని కారణముననే పెక్కు మంచి ప్రయత్నములు నడుమ విడువబడుచున్నవి. పరీక్షకు చదువు విద్యార్థి రోజును ఆరుగంటలు శ్రద్ధగా కూర్చుండియు మార్కులు పెరుగకున్నచో, శ్రమ గట్టిగ నుండి ఫలితము రానట్టి స్థితి యది. అచట మార్పవలసినది చదువు పద్ధతి. కూర్చుండుటయే కష్టమై, పుస్తకము తెరచిన గడియకే మనస్సు కుంగిపోవుచున్నచో, పద్ధతిని నిందించుట అన్యాయము. అచట అలసట, నిద్రలేమి, దిగులు మున్నగునవి కొన్నినెలలుగా లోనికి దిగి బలమును హరించుచున్నవి. మొదటివానికి క్రొత్త ఉపాయము కావలెను, రెండవవానికి విశ్రాంతి కావలెను. ఒకని మందు రెండవవానికిచ్చినచో ఇద్దరును చెడుదురు. ఉద్యోగము మారవలెనా, సెలవు పెట్టవలెనా యని తేల్చుకొనలేక తపించువారందరును ముందుగా ఈ ప్రశ్న వేసికొనవలెను: నా ప్రయత్నము గట్టిగనే యుండి పని సాగుటలేదా, లేక ప్రయత్నమే మెత్తబడుచున్నదా?

నాలుగవ మెట్టు: ‘కాదు’ అను జవాబునకు చోటు

ఇంతవరకు చెప్పినదంతయు చేసియు, చివరి మెట్టున తప్పటడుగు వేయువారు కలరు. సాయంకాలము ట్రాక్కు మూసిన పిదప, మన యువకుడు తన నోటుపుస్తకము తెరచి చూచునపుడు, దానిలోని అంకెలను తన కోరికకు అనుకూలముగా చదువుకొనుట అతి సులభము. పట్టు ఏడవ ల్యాపున తగ్గినచో ఎండ ఎక్కువగా నున్నదనును. పెడల్ మంచిగ నున్నచో ప్యాడ్ల మహిమ యనును. మంచికి ప్యాడ్లు, చెడుకు ఎండ కారణములైనపుడు, ఆ దినము జరిగినది పరీక్ష కాదు, ఉత్సవము.

దీనికి విరుగుడు ఒక్కటే. ఏ ఫలితము వచ్చినచో ఈ వస్తువును తొలగింతునో ఆ షరతును ట్రాక్కులోనికి దిగుటకు ముందే కాగితముమీద పెట్టవలెను. పాత ప్యాడ్లు నిలిచినన్ని ల్యాపులు క్రొత్తవి నిలువకున్నను, ఊరికి మరలునపుడు చల్లని ఉదయమున మొదటి త్రొక్కుడునకే పట్టు చాలకున్నను, వీనిని తీసివేయుదునని స్పష్టముగా వ్రాయవలెను. పాత ప్యాడ్లను పారవేయక డిక్కీలో నుంచుకొనవలెను. వెనుకకు మరలు మార్గము తెరచియున్నపుడే బుద్ధి నిష్పక్షపాతముగా పనిచేయును.

అభ్యాసము

ఈ వారము నీవు క్రొత్తగా చేపట్టిన దేదైన ఒకటి ఎంచుకొని, ఈ క్రింది నాలుగు పనులను వరుసగా చేయుము.

1. అది ఏ పరిస్థితికై కావలెనో ఒక వాక్యమున వ్రాసికొని, ఇతరులకు హాని కలుగని చోట, అదే పరిస్థితియందు పరీక్షకు ఏర్పాటు చేయుము.

2. మొదటి దినములలో దానిపై సగము భారమే మోపి, అలవాటు పడనిమ్ము.

3. పరీక్ష ముగియువరకు మరి యే ఇతర మార్పును చేయకుము. మునుపటి స్థితిని ముందుగనే నోటుపుస్తకమున వ్రాసియుంచుము.

4. ఏ లక్షణము కనబడినచో దానిని విడిచిపెట్టుదువో ఇప్పుడే వ్రాసి, నీ మేలు కోరువారొకరికి చూపుము.

నాలుగవ పంక్తి వ్రాయుటకు చేయి రానిచో, పరీక్షించుటకు గాక కొన్నదానిని మెచ్చుకొనుటకే ట్రాక్కునకు పోవుచున్నావని గ్రహించి, ఆ దినపు రుసుమును మిగుల్చుకొనుట ఉత్తమము.